మూడేళ్ల పోస్టింగు, పదిహేనేళ్ల ప్రణాళిక

కంపెనీ మూడేళ్లకని పరాయి దేశం పంపిస్తుంది. ఉత్తర్వు అందిన సాయంత్రమే ఆ ఇంట్లో పెద్దలు, బిడ్డను అక్కడి ఫ్రెంచి బడిలో వేద్దామని, పదిహేనేళ్లకు ప్రణాళిక గీయడం మొదలుపెడతారు. పదిహేను నేను కల్పించిన లెక్క కాదు. ఫ్రెంచి బడిలో మూడేళ్ల వయసున చేరిన బిడ్డ మెటర్నెల్ అనే చిన్నపిల్లల బడిలో మూడేళ్లు, ఎలిమెంటరీలో ఐదు, కొలేజ్ అనే మాధ్యమిక బడిలో నాలుగు, లిసే అనే ఉన్నత బడిలో మూడు గడిపి, ఎక్కడా తప్పకుండా వస్తే, బాకలోరియా అనే బడి చివరి పరీక్ష పట్టా పుచ్చుకుని బయట పడుతుంది. నాలుగో ఏడు తాము ఏ ఖండంలో ఉంటారో తల్లిదండ్రులకు తెలియదు, హెచ్‌ఆర్ వాళ్లకూ తెలియదు. అయినా బిడ్డ ఆ పరీక్షలో ఫిలాసఫీ పేపరు ఏ హాల్లో కూర్చుని రాస్తుందో ఇప్పుడే తేల్చేసుకోవాలి.

ఫ్రెంచి బడే ఎందుకని అడిగితే వాళ్లు చెప్పే మొదటి కారణం మంచిదే, ఒప్పుకోవాలి. దేశం మారినా పాఠం మారదు. 1990లో ఏర్పడిన ఒక ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ నెట్‌వర్క్‌లో 130కి పైగా దేశాల్లో 600 దాకా బడులు నడుస్తున్నాయి. ఫ్రాన్స్ విద్యాశాఖ గుర్తింపు ఉన్న బడులన్నిటా పాఠ్యప్రణాళిక ఒకటే. సెనెగల్‌లోని డకార్‌లో ఆపిన చోట నుంచి వియత్నాంలోని హనోయ్‌లో అందుకోవచ్చు. ఊళ్లు మారే కుటుంబానికి ఇది నిజంగా వరం. ఈ వాదనను అందరికంటే గట్టిగా వినిపించేది మాత్రం, మళ్లీ ఎక్కడికీ కదిలేది లేదని ఇల్లు కొనేసిన వాళ్లు.

ఇక 'ద్విభాషా' సంగతి. ఈ మాట ప్రతి బడి బోర్డు మీదా ఒకే సైజు అక్షరాల్లో ఉంటుంది. లోపల సరుకు మాత్రం రకరకాలు. కొన్ని బడుల్లో వారం సగం ఫ్రెంచిలో, సగం రెండో భాషలో, భాషకొక టీచరు. కొన్నిచోట్ల పాఠాలన్నీ ఫ్రెంచిలోనే సాగుతాయి, రెండో భాషకు వారానికి కాసిని గంటలు విదిలిస్తారు. చరిత్ర, లెక్కలు కూడా రెండో భాషలో చెబుతారా, లేక ఆ భాషలో పాటలూ రంగుల పేర్లతోనే సరిపెడతారా? ఎన్ని గంటలు? ఆ గంటలు పై తరగతుల్లో పెరుగుతాయా, తగ్గుతాయా? ఈ ప్రశ్నలు అడిగితే బడి వాళ్లు టైంటేబుల్ తీసి చూపిస్తారు కూడా. అందుకే గౌరవస్తులు అడగరు. గౌరవస్తులు అడిగేది ఈతకొలను పొడవు, ఏ ఎంబసీ వాళ్ల పిల్లలు వస్తారు, క్యాంటీన్‌లో ఆర్గానిక్ కూరలేనా అని.

ఇంటర్వెల్లో పిల్లలు ఏ భాషలో కొట్టుకుంటారని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు. నిజానికి బిడ్డకు ఏ భాష వస్తుందో సగం తేలేది అక్కడే. ఆటస్థలానికి సిలబస్ లేదు, విద్యాశాఖ గుర్తింపూ లేదు. ఎక్కువమంది ఏది మాట్లాడితే అదే రాజభాష.

ఇంకో చిన్న విషయం. చాలా ఇళ్లలో మాట్లాడే భాష బడి లెక్కపెట్టిన రెండిట్లోనూ ఉండదు. ఇంట్లో మీ భాషే మాట్లాడండి, మిగతాది మాకు వదిలేయండి అని టీచర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతారు. తల్లిదండ్రులు శ్రద్ధగా తలూపి, ఇంటికొచ్చి, యాప్‌లో నెల్లాళ్లు నేర్చుకున్న ఫ్రెంచిలో బిడ్డను భోజనానికి పిలుస్తారు. బిడ్డ ముందు వ్యాకరణం దిద్ది, తర్వాత వస్తుంది.

ఓపెన్ డే నాడు, అంటే బడి తలుపులు తెరిచి చూపించే రోజు, ఈ తల్లిదండ్రులను చూసి తీరాలి. పెళ్లిసంబంధం చూడ్డానికి వెళ్లినవాళ్లు కూడా ఇంత ఇస్త్రీ చేసుకుని వెళ్లరు. ప్రిన్సిపాల్ వేదికెక్కి విమర్శనాత్మక ఆలోచన గురించి చెబుతారు. బాకలోరియాకు పునాది వేసింది 1808లో నెపోలియన్ అంటారు. ఫిలాసఫీ పరీక్ష నాలుగు గంటలంటారు. ఇంకా షూ లేసు కట్టుకోవడం రాని బిడ్డల తండ్రులు ముందువరసలో కూర్చుని నోట్సు రాసుకుంటారు. ఒకాయన లేచి, అడ్మిషన్‌కు మరీ ఆలస్యమైపోలేదు కదా అని అడుగుతాడు. ఆయన భయం పూర్తిగా వెర్రి కాదు. ఫ్రెంచి అసలు రాని పిల్లల్ని చాలా బడులు మెటర్నెల్‌లో సులువుగానే చేర్చుకుంటాయి. పై తరగతులకు వెళ్లేకొద్దీ భాషా పరీక్ష అడ్డొస్తుంది.

సీటొచ్చాక అసలు చదువు మొదలవుతుంది, తల్లిదండ్రులకు. ఈ బడుల్లో పై తరగతుల అంకెలు వెనక్కి నడుస్తాయి. కొలేజ్‌లో చేరగానే ఆరు, మరుసటేడు ఐదు, తర్వాత నాలుగు. పోయినేడు ఆరులో ఉన్న మనవరాలు ఈ ఏడు ఐదులోకి దిగిందని తెలిసిన బామ్మ ఓదార్చడానికి ఫోన్ చేస్తుంది. మార్కులు ఇరవైకి. పన్నెండొస్తే పరవాలేదు, పదహారొస్తే బాకలోరియాలో 'చాలా బాగు' శ్రేణి. వందకు తొంభైఎనిమిదొస్తే ఆ రెండూ ఏమయ్యాయని నిలదీసి పెరిగిన తల్లికి పదమూడు చూస్తే కళ్లు తిరుగుతాయి. టీచరు మాత్రం నవ్వుతూ, చాలా బావుందండీ అంటుంది.

హోంవర్కు సంగతి మరీ ముచ్చట. ఫ్రాన్స్‌లో ప్రాథమిక తరగతులకు రాతపూర్వక హోంవర్కు ఇవ్వరాదని 1956లోనే సర్క్యులర్ వచ్చింది. ఆ నిషేధం ఈనాటికీ ఉంది. హోంవర్కూ ఉంది. డిక్టేషన్‌కు పదాలు నేర్చుకోవాలి, పద్యం బట్టీపట్టి అప్పజెప్పాలి, పక్కన దానికో బొమ్మ గీయాలి. రాతపూర్వకం కాదు కాబట్టి చట్టం భద్రం. సాయం చేద్దామని తండ్రి భాగహారం దగ్గర కూర్చుంటాడు. అక్కడ భాజకం కుడివైపున, భాగఫలం దాని కింద. ఇంజినీరింగ్ చేసినాయన కాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆఫీసు కాల్ వచ్చిందని బాల్కనీలోకి వెళ్లిపోతాడు.

ఫీజు గురించి మాట్లాడటం మర్యాద కాదు, కట్టేది కంపెనీ కాబట్టి. మొదటి రిజిస్ట్రేషన్ రుసుమని ఒకటుంటుంది. సాధారణంగా తిరిగి రాదు. ఫ్రాన్స్ ప్రభుత్వం కాన్సులేట్ల ద్వారా ఉపకార వేతనాలిస్తుంది, ఫ్రెంచి పౌరులకు మాత్రమే. మిగతావాళ్లకు హెచ్‌ఆరే దిక్కు. రసీదు వేరొకరి పేరు మీద ఉన్నంతకాలం చదువుకు వెల కట్టలేమనే మాట అందరి నోటా వినిపిస్తుంది.

తర్వాత ఒకరోజు మెయిల్ వస్తుంది. వచ్చే నెల నుంచి మీరు లోకల్ కాంట్రాక్టులోకి మారుతున్నారు, అభినందనలు అని. అంటే ఇక బడి ఫీజు కంపెనీ కట్టదు. ఆ వారాంతంలోపే అదే దంపతులు, పిల్లలు స్థానిక సంస్కృతిలో కలిసి పెరగాలని, అసలు ద్విభాషా బడుల్లో ఏ భాషా పూర్తిగా రాదని, ఇంటికి రెండు వీధుల అవతల ప్రభుత్వ బడి ఎంతో బాగుందని కనిపెడతారు. ఆ బడి అక్కడ మొదట్నుంచీ ఉంది. రోజూ దాని ముందు నుంచే కారు పోనిచ్చేవాళ్లు. వెళ్లి చూస్తే వెయిటింగ్ లిస్టు లేదు, ఇంటర్వ్యూ లేదు, నెపోలియన్ లేడు. అద్దె కాగితం, టీకాల కార్డు చూసి సీటిచ్చేశారు. అంత తేలిగ్గా సీటిచ్చే బడిలో ఏదో లోపం ఉండే ఉంటుందని వాళ్లకిప్పుడు టెన్షన్.