పులి అడుగా, బాణం గుర్తా?

(నల్లమల అడవి గురించి పిల్లలు తాకి, తిప్పి, విని తెలుసుకునే ప్రదర్శన ఒకటి తయారవుతోంది. దారి చూపే గుర్తుల నమూనాలు బల్ల మీద ఉన్నాయి. వాటిని గీసిన డిజైనర్‌కూ, రేపు సందర్శకులతో వేగాల్సిన నిర్వాహకుడికీ వాదన.)

డిజైనర్: గుమ్మంలోనే నేల మీద నాలుగు అడుగుజాడలు మొదలవుతాయి సార్. పులి, చిరుత, ఎలుగుబంటి, నెమలి. నచ్చిన జాడ పట్టుకుని పిల్లలు ఆ గదికి చేరతారు. అడవిలో చెంచులు చేసేదీ ఇదే. ఇక బోర్డులెందుకు?

నిర్వాహకుడు: పులి అడుగుకూ చిరుత అడుగుకూ తేడా ఏమిటమ్మా?

డిజైనర్: పులిది పెద్దది. రెండింటికీ నాలుగు వేళ్లే, గోళ్లు పడవు.

నిర్వాహకుడు: పక్కపక్కన పెడితే తప్ప తెలియదన్నమాట.

డిజైనర్: పులికి ఎరుపు, చిరుతకు ఆకుపచ్చ వేశాను కదా!

నిర్వాహకుడు: సరిగ్గా ఆ రెండు రంగులే పోల్చుకోలేనివారుంటారు, మగపిల్లల్లో మరీను.

డిజైనర్: చిరుతను తీసేస్తాను. ఎలుగుబంటికి అయిదు వేళ్లు, పొడుగాటి గోళ్లు. దాన్ని ఎవరూ పులి అనుకోరు. అంతేకాని జాడలే వద్దనకండి. వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో 1975లో లాన్స్ వైమన్ అనే గ్రాఫిక్ డిజైనర్ జంతువుల అడుగులతోనే దారులు చూపించాడు. అంతకుముందు మెక్సికో నగర మెట్రోలో స్టేషనుకో బొమ్మ గీశాడు. చపుల్తెపెక్ స్టేషనుకు మిడత! చదువు రానివారికీ తెలుస్తుంది. మన ఎన్నికల గుర్తులు 1951–52 నుంచి చేస్తున్న పనీ అదే.

నిర్వాహకుడు: మిడత పక్కన స్టేషను పేరూ ఉంటుంది. ఓటింగు యంత్రం మీద గుర్తు పక్కన అభ్యర్థి పేరూ ఉంటుంది. పైగా ఒక బడి పిల్లలంతా వచ్చి నిలబడితే మీ నేల ఎక్కడ కనబడుతుంది? సరే, ఈ నెమలి ఎటు పోతోంది?

డిజైనర్: కిటికీ వైపు. మూడు వేళ్లూ అటే ఉన్నాయిగా.

నిర్వాహకుడు: నాకు గుమ్మం వైపు పొమ్మన్నట్టుంది. వేళ్లు కలిసే చోటు అచ్చం బాణం మొనలా ఉంది, అదేమో వెనక్కి తిరిగి ఉంది.

డిజైనర్: (కాగితం తిప్పి చూసి) భలే! నెమలి ఎటు వెళ్లిందో చెప్పమని గుమ్మంలోనే అడుగుదాం. అదే మొదటి ఆట.

నిర్వాహకుడు: ఆట గదిలో పెట్టండి, ఎంతసేపైనా ఆలోచించుకుంటారు. మరుగుదొడ్డి కోసం పరుగెత్తే పిల్లవాడికి పొడుపుకథ వేయకండి. దారి చీలే ప్రతిచోటా మనుషుల తలలకు పైన ఒక బాణం, తెలుగులో పేరు ఉండాలి. అత్యవసర ద్వారానికి పరుగెత్తే ఆకుపచ్చ మనిషి బొమ్మ చాలు, పక్కన ఎలుగుబంటి వద్దు.

డిజైనర్: ఆ మనిషి జోలికి నేనెందుకు వెళ్తాను? కానీ అంతటా బాణాలైతే ఇది ఆసుపత్రిలా ఉంటుంది. బోర్డు చదివి నేరుగా గదికి పోయే పిల్లలు జాడ వైపు చూడనైనా చూడరు.

నిర్వాహకుడు: తప్పిపోయి ఏడ్చే పిల్లలూ చూడరు.

డిజైనర్: అయితే జాడలను గోడ మీదికి తెస్తాను, పిల్లల చేతికందే ఎత్తున, ఉబ్బెత్తుగా. చూపులేని పిల్లలూ తడిమి వెళ్లవచ్చు. బాణాలు పైన మీ ఇష్టం.

నిర్వాహకుడు: ఇది బాగుంది. నెమలిని మాత్రం గదిలోకి పంపండి.

డిజైనర్: పంపను. అది గుమ్మంలోనే ఉంటుంది. కావాలంటే పక్కన మీ బాణం పెట్టుకోండి.