మహిళా నిధి కాదు, అందరి నిధికీ షరతు కావాలి

నాన్సీ హాప్‌కిన్స్‌కు కావలసింది 200 చదరపు అడుగుల చోటు. జీబ్రా చేపల మీద పరిశోధన మొదలుపెట్టారు, తొట్లు పెట్టుకోవాలి. అప్పటికి ఆమె అమెరికాలోని ఎంఐటీలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న జీవశాస్త్ర ప్రొఫెసర్. చోటు లేదన్నారు. మగ సహోద్యోగుల కంటే నా ప్రయోగశాల చిన్నది కదా అంటే ఎవరూ నమ్మలేదు. ఆమె వాదన మానేసి కొలత టేపు చేతపట్టారు. రాత్రిపూట, అందరూ వెళ్లిపోయాక, భవనంలోని ప్రయోగశాలలను ఒక్కొక్కటే కొలుచుకుంటూ పోయారు. సమాన హోదా ఉన్న మగ ప్రొఫెసర్ల ప్రయోగశాలలు ఆమె దానికంటే చాలా పెద్దవని తేలింది. అది ఆమె ఊహించిందే. కొత్తగా చేరిన కుర్ర అధ్యాపకులకు కూడా ఆమెకంటే ఎక్కువ చోటు ఉంది!

ఇది 1990ల తొలినాళ్ల సంగతి. తర్వాతి కథ తెలిసిందే. ఎంఐటీ సైన్స్ విభాగాలన్నిటినీ కలిపితే శాశ్వత హోదా ఉన్న మగవారు దాదాపు 200 మంది, ఆడవారు 15 మంది. ఆ ఆడవారిలో దాదాపు అందరూ కలిసి డీన్ దగ్గరికి వెళ్లారు. కమిటీ వేశారు, లెక్కలు తీశారు, 1999లో నివేదిక బయటపెట్టారు. వివక్షలో కొంత వాస్తవం, కొంత భావన ఉంటాయని ఇన్నాళ్లూ అనుకున్నాననీ, వాస్తవం పాలే చాలా ఎక్కువని ఇప్పుడు అర్థమైందనీ సంస్థ అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ అందులో ఒప్పుకున్నారు. 2001లో, పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ‘అడ్వాన్స్’ కార్యక్రమం ప్రారంభించింది. సైన్స్, ఇంజినీరింగ్ మహిళా అధ్యాపకుల కోసం వందకు పైగా సంస్థలకు డబ్బు అందింది. 2025 ఏప్రిల్‌కు వచ్చేసరికి అదే ఫౌండేషన్, వైవిధ్యం, సమానత్వం వంటి లక్ష్యాలతో నడిచే గ్రాంట్లు తన ప్రాధాన్యాలకు సరిపోవంటూ కుప్పలుగా రద్దు చేసింది.

ఆ రద్దును ఖండిస్తూ చాలామంది రాశారు. ఖండించాల్సిందే. కానీ నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరు. అది అంత సులువుగా ఎలా పోయింది? ప్రధాన కాలువలో నీళ్లు ఎప్పటిలాగే పారుతుండగా, గట్టు మీద ఒక కుండ పెట్టి, దాని మీద పేరు రాసి, ఇది మీ వాటా అన్నారు. పేరు రాసిన కుండను పగలగొట్టడానికి ఒక్క కర్ర చాలు. కాలువ జోలికి ఎవరూ పోలేదు.

అందుకే మహిళా అధ్యాపకులకు ప్రత్యేక నిధి ఉండాలా వద్దా అన్న చర్చ నాకు పక్కదారిలా కనిపిస్తుంది. తేల్చాల్సింది పెద్ద నిధి సంగతి. పరిశోధన కోసం విశ్వవిద్యాలయానికి వెళ్లే ప్రతి గ్రాంటుకూ ఒక షరతు ఉండాలి. మీ దగ్గర ఎవరికి ఎంత చోటుంది? కొత్తగా చేరినవారికి ప్రయోగశాల పెట్టుకోవడానికి ఎంత ఇచ్చారు? జీతాలెంత, బోధన గంటలెన్ని, కమిటీ పనులెన్ని? లెక్క చూపించండి, తేడా ఉంటే సరిచేయండి. చేయకపోతే ఆ గ్రాంటు ఆగిపోతుంది. మహిళల పేరుతో విడిగా ఒక్క పైసా ఇవ్వకపోయినా ఈ ఒక్క షరతుతో జరిగే మేలు పది ప్రత్యేక పథకాలతో జరగదు.

ప్రత్యేక పథకాల చరిత్ర చూడండి. అమెరికా సైన్స్ ఫౌండేషన్ 1980లలో మహిళలకు అతిథి ప్రొఫెసర్ పదవులిచ్చే పథకం నడిపింది. 1997లో ‘పవర్’ అనే మరో పథకం తెచ్చింది. అదీ పరిశోధకురాలి చేతికే డబ్బిచ్చింది. నాలుగేళ్లు తిరక్కుండానే దాన్ని ఆపేసి, డబ్బును సంస్థ మార్పుకు ముడిపెట్టే ‘అడ్వాన్స్’ను ముందుకు తెచ్చింది. ఎందుకు? లోపం ఆమెలో లేనప్పుడు ఆమెకు మందివ్వడం దేనికి? వ్యక్తిగత గ్రాంటు అందుకున్న అధ్యాపకురాలు అదే విభాగానికి, అదే ఇరుకు గదికి తిరిగి వస్తుంది. పైగా, నీకు వేరే డబ్బుంది కదా అని ఉమ్మడి సొమ్ములో ఆమె వంతు మరింత తగ్గించే అవకాశమూ ఉంది. గ్రాంటు మూడేళ్లకు అయిపోతుంది. తగ్గించిన వంతు మాత్రం అలాగే ఉండిపోతుంది.

మరో మాట. ఈ నిధుల గురించి రాసేవారు ‘ప్రోత్సాహం’, ‘చేయూత’, ‘సాధికారత’ అనే మాటలు ధారాళంగా వాడతారు. నాకవి ఒంటికి పడవు. బాకీ తీర్చేవాడు చేయూతనిస్తున్నానని చెప్పుకోకూడదు.

బాకీ అని ఊరికే అనడం లేదు, పద్దులు ఉన్నాయి. నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజనేనని 1925లో తన సిద్ధాంత గ్రంథంలో చూపించిన సిసిలియా పేన్ హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమె జీతం ఏ పద్దు కింద వెళ్లిందో తెలుసా? పరికరాల పద్దు కింద! టెలిస్కోపు కటకాల ఖర్చు రాసుకునే చోట ఒక శాస్త్రవేత్త జీతం రాసుకున్నారు. ఆమె చెప్పిన పాఠాలు చాలా ఏళ్లపాటు విశ్వవిద్యాలయ కోర్సుల జాబితాలోనే కనిపించలేదు. పూర్తిస్థాయి ప్రొఫెసర్ హోదా 1956లో దక్కింది, అంటే ఆ గ్రంథం రాసిన 31 ఏళ్లకు. గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోదర్‌ది అంతకుముందు కథ. జర్మనీలోని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆమె పాఠాలు సహోద్యోగి డేవిడ్ హిల్బర్ట్ పేరు మీద ప్రకటించేవారు. చెప్పేది ఆమె, పేరు ఆయనది, జీతం సున్నా. భౌతిక శాస్త్రవేత్త మరియా గెప్పర్ట్ మేయర్ తన భర్త పనిచేసే విశ్వవిద్యాలయాల్లోనే పరిశోధన చేయాల్సివచ్చింది. బంధువులకు ఒకే సంస్థలో ఉద్యోగమివ్వకూడదనే నిబంధనను సాకుగా చూపి అవి ఆమెకు జీతమిచ్చే ప్రొఫెసర్ ఉద్యోగం ఇవ్వలేదు. పరమాణు కేంద్రకంలోని కణాలు పొరలుగా అమరి ఉంటాయని చెప్పే కర్పర నమూనాను ఆ రోజుల్లోనే తీర్చిదిద్దారు. పూర్తి జీతమున్న ప్రొఫెసర్ పదవి 1960లో, యాభై దాటాక వచ్చింది. 1963లో నోబెల్ బహుమతి వస్తే ఆమె ఉండే శాన్ డియెగో నగర పత్రిక పెట్టిన శీర్షిక ‘శాన్ డియెగో తల్లికి నోబెల్’ అని.

బంధుప్రీతిని అరికట్టే నిబంధన చూడటానికి ఎంత న్యాయంగా ఉంది! అందులో స్త్రీ అన్న మాటే లేదు. కానీ భార్యాభర్తలిద్దరూ శాస్త్రవేత్తలైతే బయట నిలబడింది దాదాపు ఎప్పుడూ భార్యే. నిబంధనను కాగితం మీద చదివితే తెలియదు, అది ఎవరి మీద పడిందో లెక్కపెడితేనే తెలుస్తుంది.

ఇలాంటిదే మన కాలంలో మరొకటి జరిగింది. బిడ్డ పుట్టినప్పుడు, శాశ్వత నియామకానికి అర్హత నిరూపించుకోవాల్సిన గడువును ఒక ఏడాది పొడిగించే పద్ధతి చాలా అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉంది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వర్తిస్తుంది. వినడానికి ఎంతో బాగుంది. అక్కడి తొలి 50 అర్థశాస్త్ర విభాగాల సమాచారాన్ని ముగ్గురు ఆర్థికవేత్తలు విశ్లేషించి 2018లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ప్రచురించారు. ఆ పద్ధతి వచ్చాక మగవారికి శాశ్వత నియామకాలు పెరిగాయి, ఆడవారికి తగ్గాయి. మగవారు ఆ గడువులో పేరున్న పత్రికల్లో అదనంగా వ్యాసాలు ప్రచురించుకోగలిగారు, ఆడవారికి అది కుదరలేదు. ఆమెకు ఆ ఏడాది ఎలా గడిచిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. చంటిబిడ్డను పెంచినవారందరికీ తెలుసు. సదుద్దేశంతో తెచ్చిన ఏర్పాటే ఆడవారిని మరో మెట్టు కిందికి తోసింది. ముందే ఫలితాలు కొలిచే అలవాటు ఆ విభాగాలకు ఉంటే మొదటి కొన్నేళ్లలోనే పట్టుకునేవారు. ఇక్కడ కావలసింది మరో నిధి కాదు, ఒక నమోదు పుస్తకం.

డబ్బుకు షరతు ముడిపెడితే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. అక్కడ ‘ఎథీనా స్వాన్’ అనే గుర్తింపు 2005 నుంచి ఉంది. మహిళా శాస్త్రవేత్తల పరిస్థితి మెరుగుపరచిన విభాగాలకు కంచు, వెండి, బంగారు స్థాయిల్లో గుర్తింపునిచ్చేవారు. వైద్య కళాశాలల్లో చాలావాటికి ఆ ధ్యాసే లేదు. 2011లో ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి శాలీ డేవిస్ ఒక ప్రకటన చేశారు. వెండి స్థాయి గుర్తింపు లేని వైద్య కళాశాలలను పెద్ద పరిశోధన నిధుల పోటీలో తుది జాబితాకు తీసుకోబోమన్నారు. అంతే, దరఖాస్తులు వెల్లువెత్తాయి. అప్పటిదాకా తీరిక లేని డీన్లకు తీరిక దొరికింది. ఏ ప్రసంగానికీ కదలనివారు ఒక్క వాక్యానికి కదిలారు, ఎందుకంటే ఆ వాక్యం ఖజానా తలుపు మీద రాసి ఉంది.

2020లో ఆ షరతును ఎత్తేశారు. కాగితాల భారం పెరిగిపోయిందన్నారు. నిజం చెప్పాలంటే ఆ ఫిర్యాదులో పస ఉంది. గుర్తింపు కోసం వందల పేజీల దరఖాస్తు రాయాలి. ఎవరు రాస్తారు? విభాగంలో 30 మంది ఉంటే, వారిలో ఇద్దరే ఆడవారైతే, ‘ఇది మీ విషయమే కదా’ అని ఆ ఇద్దరి బల్ల మీదే పడుతుంది. నియామక కమిటీలో ఒక మహిళ ఉండాలంటే వాళ్లే, క్రమశిక్షణ కమిటీలోనూ వాళ్లే, కొత్త విద్యార్థినులకు ధైర్యం చెప్పడానికీ వాళ్లే. అసమానతను రుజువు చేసే పని కూడా దాని బాధితుల మీదే వేశారు. తప్పు షరతుది కాదు, షరతును ప్రబంధంగా మార్చినవారిది. నేనడిగేది నివేదిక కాదు, ఒక పట్టిక. చోటు, సొమ్ము, జీతం, గంటలు. గుమాస్తా నింపగలిగిన నాలుగు గడులు.

ఎదుటివారి వాదనకూ చోటివ్వాలి. ప్రతిభే కొలబద్ద కావాలి, ఆడామగా లెక్కలు సైన్స్‌లోకి తేకూడదన్నది వారి మాట. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన వెండీ విలియమ్స్, స్టీఫెన్ సీసీ 2015లో చేసిన ప్రయోగాన్ని వాళ్లు తరచూ ఉదహరిస్తారు. సమాన అర్హతలున్న కల్పిత అభ్యర్థులను చూపిస్తే అధ్యాపకులు దాదాపు రెండింతల మొగ్గు మహిళల వైపే చూపారు. కొట్టిపారేయదగ్గ ఫలితం కాదు. అలాగే, 2012లో యేల్ పరిశోధకులు ఒకే దరఖాస్తును ‘జాన్’, ‘జెన్నిఫర్’ పేర్లతో 127 మంది సైన్స్ అధ్యాపకులకు పంపితే జెన్నిఫర్‌కు తక్కువ జీతం రాశారు. మహిళా అధ్యాపకులూ అలాగే రాశారు. రెండు ప్రయోగాల్లోనూ అభ్యర్థులు కాగితం మీదివాళ్లే. హాప్‌కిన్స్ కాగితం మీది అభ్యర్థి కాదు. నియామకం పొంది, శాశ్వత హోదా పొంది, ప్రతిభను ఆ సంస్థ చేతనే ఒప్పించాక కూడా ఆమెకు చేపల తొట్టికి చోటు దొరకలేదు. ప్రతిభావాదులు గుమ్మం దగ్గరే ఆగిపోతారు, లోపలి గదుల్లోకి రారు.

నిజానికి గుమ్మం దగ్గర పోట్లాట ఖరీదైనది కూడా. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2019లో ధైర్యం చేసింది. శాశ్వత అధ్యాపక ఉద్యోగాలకు మొదటి ఆరు నెలలూ మహిళల దరఖాస్తులే తీసుకుంటామంది. మరుసటి ఏడాది ఆ దేశ మానవ హక్కుల సంస్థ అది హద్దు మీరిందని తేల్చింది, పథకాన్ని సవరించుకోవాల్సివచ్చింది. ఆ ప్రయత్నాన్ని నేను తప్పుపట్టను. కానీ గదులు కొలిచి గోడకు అంటించడానికి ఏ చట్టం అడ్డొస్తుంది?

ఇక్కడ నా పాత పాట ఒకటి పాడుకోనివ్వండి. విశ్వవిద్యాలయం అంత గుట్టుగా లెక్కలు నడిపే సంస్థ మరొకటి అరుదు. గెలాక్సీల మధ్య దూరం కొలుస్తారు, పక్క గది వైశాల్యం చెప్పరు. ప్రయోగ ఫలితానికి ఆధారం చూపించనిదే పరిశోధక పత్రాన్ని ఒప్పుకోని పెద్దలు, ప్రయోగశాలల పంపకానికి ఏ ఆధారమూ చూపించరు. కొత్తగా చేరినవారికి ఎంత సొమ్మిచ్చారో విభాగాధిపతికీ డీన్‌కూ తప్ప మూడోవారికి తెలియదు. ఎవరు గట్టిగా బేరమాడితే వారికి ఎక్కువ, ఎవరు మర్యాదగా ఊరుకుంటే వారికి తక్కువ. ఈ చీకటిలో నష్టపోయేది ఆడవారు మాత్రమే కాదు. పెద్ద గురువు అండలేని కుర్రవాడు, తాత్కాలిక ఉద్యోగంలో పాఠాలన్నీ మోస్తున్నవాడు, పేరులేని సంస్థ నుంచి వచ్చినవాడు, వీళ్లందరూ నష్టపోతున్నారు. ప్రజల పన్నుతో నడిచే ప్రయోగశాలల పంపకం లెక్క ప్రజలకు ఎందుకు తెలియకూడదు? మహిళా అధ్యాపకుల ప్రశ్న నాకు అంత ఆసక్తి కలిగించడానికి కారణమిదే. ఆ తాళానికి సరిపోయిన తొలి తాళంచెవి అది.

కాలమే అన్నీ సరిచేస్తుందని చెప్పేవారి కోసం ఎంఐటీ లెక్క ఇంకొకటి. అక్కడి సైన్స్ విభాగాల్లో మహిళా అధ్యాపకుల సంఖ్యను దశాబ్దాల వారీగా హాప్‌కిన్స్ తర్వాత గీసి చూపించారు. గీత నెమ్మదిగా పైకి సాగలేదు, రెండుసార్లు ఎగిరింది. ఒకటి 1970ల తొలినాళ్లలో, పౌరహక్కుల చట్టాల ఒత్తిడితో. రెండోది 1990ల చివర్లో, ఆ మహిళల మాట విన్న డీన్ రాబర్ట్ బిర్జనో ఉన్న రోజుల్లో. మిగతా కాలమంతా దాదాపు బల్లపరుపే. బిర్జనో 2000లో టొరంటో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు.

హాప్‌కిన్స్‌కు చివరికి తొట్లకు చోటు దొరికింది. జీబ్రా చేప పిండం ఎదగడానికి తప్పనిసరిగా కావలసిన 315 జన్యువులను గుర్తించామని 2004లో ఆమె ప్రయోగశాల ప్రకటించింది.