అయిదో నెలలో అత్తారింటికి వెళ్లాక బాలింతను ఎవరు పలకరిస్తారు?

మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. అమ్మ వేన్నీళ్లు పోస్తుంది, పథ్యం వండిపెడుతుంది, రాత్రి బిడ్డ లేస్తే తానే ఎత్తుకుంటుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారె పెట్టి అత్తారింటికి పంపుతారు. చాలామందికి అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. వంటపని, బట్టలు, రాత్రంతా మేలుకునే బిడ్డ, పైగా 'పాలు చాలట్లేదేమో' అనే మాటలు. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూసే ఆరు విజిట్లు 42వ రోజుతో అయిపోతాయి. అంటే ఆమె ఒంటరిదయ్యే నాటికి ఆ రాకపోకలు ముగిసి ఉంటాయి.

కాన్పయిన వారంలో ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాల్లో అదే తగ్గుతుంది. తగ్గకపోతే డిప్రెషన్ అని అనుమానించాలి. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. దాని ప్రకారం కాన్పు తర్వాత డిప్రెషన్‌కు గురవుతున్నవారు సుమారు 22 శాతం. దీన్ని హార్మోన్ల మీదకు నెట్టేస్తే పని సులువవుతుంది. కానీ 2002లో ప్రచురితమైన గోవా అధ్యయనంలో పేదరికం, భర్త హింస, మగపిల్లాడి కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆడపిల్ల పుట్టడం వంటివి కారణాలుగా తేలాయి. వీటికి మాత్రలతో మాత్రమే వైద్యం చేయలేం.

ఇలాంటి తల్లికి మనవాళ్లు చెప్పే మాట ఒకటుంది: 'బిడ్డ మొహం చూస్తే అన్నీ మర్చిపోతావు.' ఆమె చూస్తూనే ఉంటుంది, ఏమీ అనిపించదు. నేను తల్లినేనా అని తనను తానే తిట్టుకుంటుంది. ఇక ఆ సంగతి నోరు విప్పి ఎవరికీ చెప్పదు.

తల్లి కుంగిపోతే బిడ్డకు అనుబంధం ఏర్పడదేమోనన్న భయం చదువుకున్న ఇళ్లలో ఎక్కువ. తల్లికి దూరమైతే బిడ్డ మానసిక ఆరోగ్యం దెబ్బతింటుందని 1951లో బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ రాసిన నివేదిక తర్వాత ఈ భయం తల్లుల నెత్తినే పడింది. మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ ఉగాండాలోనూ అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ ఇళ్లకు వెళ్లి గమనించినప్పుడు తేలింది వేరు. తల్లి రోజుకు ఎన్ని గంటలు దగ్గరుందన్నదానికన్నా, బిడ్డ ఇచ్చే సైగను ఎంత గుర్తుపట్టి స్పందిస్తోందన్నదే ముఖ్యం. పైగా పసివాళ్లు ఒక్కరికే కాదు, అమ్మమ్మకూ నాన్నకూ కూడా అలవాటుపడతారు.

డిప్రెషన్, అనుబంధం ఒకదానితో ఒకటి ముడిపడినవే, కానీ ఒకటే సమస్య కాదు. అమెరికాలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో థెరపీతో తల్లుల డిప్రెషన్ తగ్గింది, బిడ్డతో సంబంధం మాత్రం అంతగా మెరుగుపడలేదు. దక్షిణాఫ్రికాలోని ఖయెలిత్షా బస్తీలో దాదాపు దీనికి తారుమారుగా జరిగింది. శిక్షణ పొందిన స్థానిక మహిళలు ఇళ్లకు వెళ్లి, బిడ్డ ఏం కోరుతోందో తల్లితో కలిసి గమనించారు. అక్కడ డిప్రెషన్ నిర్ధారణల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ 18 నెలలకు భద్రమైన అనుబంధం ఉన్న పిల్లలు 74 శాతం, ఈ సాయం అందని కుటుంబాల్లో 63 శాతం. అంటే కుంగిన తల్లి చేతిలోనూ బిడ్డ బాగానే పెరగొచ్చు, పక్కన ఒక మనిషి ఉంటే. ఈ మాట తల్లులకు చేరవేయకుండా భయపెట్టడమే మన వైపు ఎక్కువగా జరుగుతోంది.

చట్టం కొంత ముందే ఆలోచించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు. కానీ తల్లీబిడ్డలను కలిపి ఉంచే ప్రత్యేక వార్డు అంటే ఇప్పటికీ బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పేరే ముందు చెప్పాలి.

వార్డుల దాకా వెళ్లక్కర్లేని తల్లులే ఎక్కువ. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశాల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి అలా సాయం అందిన తల్లుల్లో 23 శాతమే డిప్రెషన్‌లో ఉన్నారు, అందనివారిలో 53 శాతం. మనకూ బిడ్డ ఎదుగుదల చూడటానికి 3, 6, 9, 12, 15 నెలల్లో ఆశా ఇంటికి వెళ్లే కార్యక్రమం 2018 నుంచి ఉంది. ఆ విజిట్లలో తల్లి నిద్ర, దిగులు గురించి రెండు ప్రశ్నలు చేర్చాలి, దానికి ఆశాలకు వేరే డబ్బు ఇవ్వాలి. అంతకన్నా ముందు, పుట్టింటి ఊరి రిజిస్టరులో ఉన్న తల్లి పేరు అత్తారి ఊరి ఆశాకు ఆమె వెళ్లిన వారంలోనే అందాలి. అప్పటిదాకా అత్తారింట్లో దిగులు ముదిరిన రాత్రి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఆమె ఫోన్‌లో ఉంటే కాస్త నయం.