కల్లు గీసే బొమ్మకి లైసెన్సు

పొద్దున జరిగింది, ఇంకా మండుతూనే ఉంది. సంగతేంటంటే, కొండపల్లి బొమ్మలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకి అమ్ముదామని నేనూ మా ఆవిడా చిన్న వెబ్‌సైట్ పెట్టాం. విదేశీ కార్డులతో కట్టిన డబ్బు తీసుకుని మనకి చేర్చే పేమెంట్ గేట్‌వే కావాలి. పేపాల్ అలాంటిదే, కానీ 2021 ఏప్రిల్ నుంచి మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది, ఇక్కడివాళ్లకొకటీ అక్కడివాళ్లకొకటీ పెట్టుకునే ఓపిక నాకు లేదు. అందుకని రెండూ చేసే కంపెనీల రేట్లన్నీ ఎక్సెల్‌లో వేసుకుని కూర్చున్నాను. పైన పెద్ద అక్షరాల్లో మూడు శాతం అంటారు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, డాలర్లని రూపాయలు చేసేటప్పుడు మారకం రేటులో నొక్కేసేది, ఇవన్నీ అడుగున ఎక్కడో కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్నగా ఉంటాయి. సరే, ఉన్నవాటిలో నయమనిపించిన ఒకదాన్ని పట్టుకున్నాం. పాన్, ఎగుమతి కోడ్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎక్కించేశాం. మిగిలింది వీడియో కేవైసీ, అంటే ఫోన్ కెమెరా ముందు నేను నేనేనని రుజువు చేసుకోవడం.

సరిగ్గా ఆ టైముకే మా అత్తగారూ మామగారూ ఊరి నుంచి దిగారు. హాల్లో ఆయన ఇడ్లీ తింటుంటే, సిగ్నల్ అక్కడే బాగా వస్తుందని నేనూ అక్కడే ఫోను నిలబెట్టుకుని, స్పీకర్ పెట్టుకుని కూర్చున్నాను.

అవతల కుర్రాడు తెలుగువాడే. కుడికి తిరగమన్నాడు, ఎడమకి తిరగమన్నాడు, రెప్ప వేయమన్నాడు, పాన్ కార్డు గడ్డం దగ్గర పెట్టుకోమన్నాడు. పెళ్లిచూపుల్లో మా ఆవిడని కూడా ఎవరూ ఇంత తిప్పలేదు. తర్వాత గొంతు సవరించుకుని, "సార్, మీ సైట్‌లో ఆల్కహాల్ ప్రొడక్ట్ ఉంది, ఎక్సైజ్ లైసెన్సు అప్‌లోడ్ చేయలేదు" అన్నాడు.

మామగారి చేతిలో ఇడ్లీ ముక్క చట్నీకి జానెడు దూరంలో ఆగిపోయింది.

అదేంటో మీకు చెప్పాలి. కొండపల్లి బొమ్మల్లో తాటిచెట్టు బొమ్మ ఒకటుంటుంది, మోకు వేసుకుని గీత కార్మికుడు పైకి ఎక్కుతుంటాడు, పైన లొట్టి కట్టి ఉంటుంది. ఇంగ్లీషులో అందరూ దాన్ని టాడీ టాపర్ (టాడీ అంటే కల్లు) అనే అమ్ముతారు, మేమూ అదే రాశాం. వీళ్ల మెషీన్ 'టాడీ' వరకూ చదివి ఆగిపోయింది. పోనీ మెషీన్‌కి బుర్ర లేదు, ఫొటో కళ్లెదుట పెట్టుకున్న మనిషికేమైంది?

"బాబూ, అది చెక్క బొమ్మ" అన్నాను.

"కుండలో ఏముంది సార్?"

"చెక్క."

"లిక్విడ్ ఏమీ లేదంటారా?"

"కుండే చెక్క నాయనా, దానికి లోపల అంటూ ఏమీ లేదు!"

"ఒకసారి ప్రొడక్ట్ తలకిందులు చేసి చూపించండి సార్, రికార్డ్ అవుతోంది."

చూపించాను. జానెడు బొమ్మని రెండు చేతులతో పట్టుకుని, కెమెరా ముందు బోర్లించి, ఒక్క చుక్కా కారడం లేదని రుజువయ్యేదాకా అలాగే ఉంచాను, దులపమంటే దులిపాను కూడా. అత్తగారు కింద మరక పడుతుందేమోనని ఒంగి చూశారు. "మెటీరియల్ ఏంటి సార్?" అంటే, తెల్ల పొణికి చెక్క, ముక్కలు అతికేది చింతగింజల పొడి కలిపిన మక్కుతో అని ఉత్సాహంగా చెప్పాను. ఊరుకోవాల్సింది.

"చింతగింజలంటే ఫుడ్ ఐటమ్ కదా సార్, ఫుడ్ లైసెన్సు నంబర్ ఉందా?"

మామగారు ఇడ్లీ పళ్లెంలో పెట్టేసి, "ఉద్యోగం మానేసింది ఇందుకా బాబూ?" అన్నారు మెల్లగా. అత్తగారు లోపలికి వెళ్లి చిన్నకూతురికి ఫోన్ కలిపారు. మధ్యాహ్నానికి నేను అమెరికాకి కల్లు పంపుతున్నానన్న కబురు ఏలూరు దాకా వెళ్లిపోయింది.

ఏనుగు అంబారీ బొమ్మ దగ్గర వన్యప్రాణుల ప్రశ్నలు కూడా వచ్చాయి, అవి రాయను, బీపీ పెరుగుతుంది. నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. నాతో రెప్పలు వేయించి, బొమ్మని దులిపించిన ఇదే వ్యవస్థలో, కొనేవాడి విదేశీ కార్డుకి చాలాసార్లు ఓటీపీ కూడా అడగరు. దొంగ కార్డుతో ఎవడైనా కొంటే రేపు అసలువాడు ఫిర్యాదు చేస్తాడు, డబ్బు వెనక్కి లాగేస్తారు, బొమ్మా పోతుంది, పైగా దానికో పెనాల్టీ ఫీజు! ఆర్బీఐ నిబంధన ప్రకారం ఈ గేట్‌వేల దారిలో విదేశాల నుంచి ఒక్కో వస్తువుకి 25 లక్షల దాకా తెచ్చుకోవచ్చట. మా బొమ్మ పన్నెండొందలు.

సాయంత్రం మెయిల్ వచ్చింది, అప్లికేషన్ ఇంకా పరిశీలనలో ఉందట. కింద 'మా సేవలకి ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని ఒక లింకు.

డాలస్‌లో మొదటి ఆర్డరు పెట్టినావిడకి ఈ గోలంతా చెప్తే నవ్వి, "మా అమ్మ వచ్చే నెల వస్తోందండీ, గుంటూరు పంపేయండి, సూట్‌కేసులో ఆవకాయ పక్కన పెట్టుకొస్తుంది" అంది. వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. లైసెన్సు అడగలేదు, లిక్విడ్ సంగతి అడగలేదు, ఫోన్‌పే నంబర్ రాసుకుని ఒక్కటే అడిగారు: "రెండొందలు తగ్గించవా నాయనా?"