డబ్బా కొనేముందు రక్తం చూపించుకోండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ గ్రౌండ్లలో తెల్లారకముందే పరుగు తీసే కుర్రాళ్లలో తెలుగిళ్ల పిల్లలు చాలామందే ఉంటారు. సైన్యం నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే 60కి 60 మార్కులు. ఆఖరి ఐదారు సెకన్లు తగ్గించుకోవడానికి ఇంట్లో అడిగి, అప్పు చేసి క్రియాటిన్ అనే కండబలం పొడి డబ్బాలు కొంటున్నారు. క్రియాటిన్ మోసం కాదు. ఈ పరుగుకు మాత్రం దానితో పనిలేదు.

కండరం కదలడానికి కావలసింది ఏటీపీ అనే తక్షణ శక్తి పదార్థం. నిల్వ ఉన్నది రెండు మూడు సెకన్లకే చాలుతుంది. దాన్ని అప్పటికప్పుడు నింపే ఫాస్ఫోక్రియాటిన్ కూడా గట్టిగా లాగితే పది సెకన్లలో అడుగంటుతుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ నాలుగు వారాలు తీసుకుంటే ఆ నిల్వ పెరుగుతుంది. రోజుకు 20 గ్రాముల చొప్పున వారం రోజులు ‘లోడింగ్’ చేసినా చివరికి చేరేది అక్కడికే, కాకపోతే కడుపుబ్బరం అదనం. బరంపురంలో బరువులెత్తే కుర్రాడో, షాట్‌పుట్ వేసే అమ్మాయో వాడితే అర్థముంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం దాని జోలికి పోకూడదు.

1600 మీటర్ల పరుగులో నూటికి 80 పాళ్లకు పైగా శక్తి ఆక్సిజన్ మీదే నడుస్తుంది. క్రియాటిన్ కండరంలోకి నీటిని లాగుతుంది కాబట్టి ఒకటి రెండు కిలోల బరువు పెరగడం మామూలు. 60 కిలోల మనిషి కిలోన్నర పెరిగాడంటే రెండున్నర శాతం మోత పెరిగినట్టు. ఆ లెక్కన 330 సెకన్ల పరుగులో 8 సెకన్ల దాకా పోవచ్చు. ర్యాలీకి పది రోజుల ముందు లోడింగ్ మొదలుపెట్టించే శిక్షకులు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

అసలు దెబ్బ మూడో రౌండులో తగులుతుంది. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు 82 సెకన్లు పడాలి. మొదటిది 70లో లాగేసినవాడికి మూడో రౌండుకు కాళ్లు రాళ్లవుతాయి. అందరూ లాక్టిక్ యాసిడ్‌ను తిడతారు గానీ, లాక్టేట్ గుండెకూ కండరానికీ ఇంధనమే. పట్టు సడలించేవి కండరంలో పోగుపడే ఫాస్ఫేట్, హైడ్రోజన్ అయాన్లు. హైడ్రోజన్ అయాన్ల వల్ల వచ్చే ఆమ్లాన్ని వంటసోడా కొంత విరుస్తుంది. మోతాదు కిలో బరువుకు 0.3 గ్రాములు, అంటే 60 కిలోలకు 18 గ్రాములు, పరుగుకు రెండు గంటల ముందు. కానీ చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. బీపీ ఉన్నవాళ్లకు అంత సోడియం పనికిరాదు. మొదటి రౌండును 82కి తెచ్చుకుంటే ఈ తంటానే ఉండదు.

ప్రొటీన్ డబ్బా కొనేవాళ్లు వెనక్కి తిప్పి చదవాలి. ప్రయోగశాలలో మామూలుగా కొలిచేది నత్రజని. దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రొటీన్ అంటారు. అందుకే నత్రజని ఉన్న చవకైన గ్లైసిన్, టారిన్ పొడులు కలిపి అంకె పెంచేస్తారు. నిజమైన వే ప్రొటీన్ (పాల విరుగుడు తేట నుంచి తీసేది) 25 గ్రాముల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం రెండున్నర గ్రాములకు అటూఇటూగా ఉండాలి. ఆ అంకె చెప్పని డబ్బా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు లేని డబ్బా కొనొద్దు. 60 కిలోల కుర్రాడికి రోజుకు 96 గ్రాముల ప్రొటీన్ మించి అవసరం పడదు. మూడు గుడ్లు, అర లీటరు పాలు, ఉలవలు, కందిపప్పు, వేరుశెనగ యాభై గ్రాముల చొప్పున, గుప్పెడు ఎండుచేపలు, మూడు వందల గ్రాముల బియ్యం అన్నం కలిస్తే ఆ లెక్క దాదాపు తీరుతుంది.

ఆక్సిజన్‌తో నడిచే పరుగుకు ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 దాటాలి. తగ్గితే డాక్టరు రాసిన ఐరన్ మాత్రను టీకి దూరంగా, నిమ్మరసంతో వేసుకోవాలి.

దాంతోపాటు సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఇది ఎర్రకణాలు వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. రాయగడ, కోరాపుట్‌లలోనే కాదు, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలిలోనూ ఇది ఉన్న నేల. దీన్ని నిర్మూలించడానికి 2023లో మొదలైన జాతీయ మిషన్‌లో ఒడిశా, మహారాష్ట్ర రెండూ ఉన్నాయి. సొల్యుబిలిటీ అనే తొలి రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే, అది జబ్బా, జన్యువు మోస్తున్నారంతేనా అన్నది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో తేల్చుకోవాలి. జబ్బే అయితే డాక్టరు చెప్పనిదే పరుగు వద్దు. జన్యువు మోస్తున్నవాళ్లు (వాహకులు) పరుగు మానక్కర్లేదు. వేగం వారాల తరబడి మెల్లగా పెంచాలి, నీళ్లు తాగుతుండాలి, ఎండలో పందేలు పెట్టుకోకూడదు. స్కూపుకు 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్ దట్టించిన ప్రీ-వర్కౌట్ పొడులు వీళ్లు ముట్టుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గి, వేడెక్కి, అలుపు తెలియకుండా పరిగెడితే ఎర్రకణాలు కొడవళ్లలా వంగి కండరానికి రక్తం ఆగిపోతుంది.

మామూలుగా పిక్క పట్టేయడానికీ ఈ సికిల్ సెల్ దెబ్బకూ తేడా గ్రౌండులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. పిక్క పట్టేస్తే అది రాయిలా బిగుసుకుంటుంది, మనిషి అరుస్తాడు. సికిల్ సెల్ దెబ్బలో కండరం మెత్తగానే ఉంటుంది, కాళ్లు చచ్చుబడి మనిషి కూలబడతాడు. లేపి నడిపించొద్దు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, స్పృహ ఉంటే నీళ్లు పట్టి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో సికిల్ సెల్ ఉందని తెలిస్తే ఆ మాట అంబులెన్సు సిబ్బందికి మొదటే చెప్పాలి.