ఎర్రర్‌ను మింగేసే కోడ్‌తోనే ఎక్కువ నష్టం

స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే విసుగొస్తుంది, నిజమే. కానీ ఆగాల్సిన చోట ఆగకుండా తప్పుడు లెక్కతో చివరిదాకా నడిచిపోతే, నష్టం జరిగిన సంగతే చాలాకాలం ఎవరికీ తెలియదు. ఖాళీ విలువల దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే.

పైథాన్‌లో నన్ (None, విలువే లేదని చెప్పే గుర్తు), సున్నా, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠం), ఖాళీ లిస్టు అన్నీ 'ఇఫ్'కు ఒక్కటే, అన్నీ అబద్ధం కిందే లెక్క. అర్థాలు మాత్రం వేరు. ఆర్డరులో డిస్కౌంట్ సున్నా అని ఉంటే, తగ్గింపు ఇవ్వొద్దని ఎవరో నిర్ణయించారన్నమాట. నన్ ఉంటే ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. 'డిస్కౌంట్ ఆర్ 10' (discount or 10) అని రాస్తే రెండు సందర్భాల్లోనూ పది శాతం తగ్గింపు పడిపోతుంది. ఎర్రర్ రాదు; టెస్టులో సున్నా ఇచ్చి చూడకపోతే దొరకదు కూడా. 'ఈజ్ నన్' (is None) అని విడిగా అడగాల్సిందే. జావాస్క్రిప్ట్‌లో 'ఆర్' పని చేసే || తోనూ ఇదే చిక్కు. 2020 ప్రమాణంలో వచ్చిన ?? మాత్రం నల్, అన్‌డిఫైన్డ్ ఉన్నప్పుడే డిఫాల్ట్ విలువ ఇస్తుంది, సున్నా జోలికి పోదు.

డిక్షనరీల్లో (కీ అనే పేరుతో విలువను దాచే చోటు) ప్రతిదానికీ 'గెట్' వాడే అలవాటూ మానుకోవాలి. కీ లేకపోతే గెట్ చడీచప్పుడు లేకుండా నన్ ఇస్తుంది. అది నాలుగు ఫంక్షన్లు దాటాక, ఎక్కడో 'స్ట్రిప్' (పాఠం అంచుల్లోని ఖాళీలు తీసేసేది) పిలిచినప్పుడు అట్రిబ్యూట్ ఎర్రర్‌గా బయటపడుతుంది. అప్పుడిక మూలం వెతుక్కోవాలి. తప్పనిసరి కీని స్క్వేర్ బ్రాకెట్లతో తీస్తే అక్కడికక్కడే, కీ పేరుతో సహా కీ ఎర్రర్ వస్తుంది.

అన్నిటికన్నా చెడ్డది, ఏ ఎర్రర్ పేరూ రాయని 'ఎక్సెప్ట్' (ట్రై బ్లాకులో వచ్చిన ఎర్రర్‌ను పట్టేది), దాని కింద 'పాస్' (ఏమీ చేయకు అని). లూప్‌లో ఇది ఉంటే కంట్రోల్-సి నొక్కినా ఆగకపోవచ్చు, ఆ నొక్కుతో వచ్చే కీబోర్డ్ ఇంటరప్ట్‌నూ అదే పట్టేస్తుంది మరి. వేరియబుల్ పేరులో అక్షరదోషం వల్ల వచ్చే నేమ్ ఎర్రర్ కూడా అందులోనే మాయమవుతుంది. 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' అని మార్చినా రెండో సమస్య అలాగే ఉంటుంది. ట్రై బ్లాకులో విఫలమయ్యే ఒకటి రెండు లైన్లే పెట్టి, వాల్యూ ఎర్రర్ లాంటి ఫలానా పేరు రాయాలి. సీఎస్‌వీ ఫైలులో (కామాలతో విడదీసిన పట్టిక) ఒక వరుస చెడితే లైను నంబరు, ముడి విలువ లాగ్‌లో రాసి ముందుకు పోవచ్చు. ఫైలే తెరుచుకోకపోతే ఆగిపోవడమే సరైన పని.

లినక్స్ కమాండ్లు నడిపే బ్యాష్ ఇంకా ప్రమాదకరం. విలువ ఇవ్వని వేరియబుల్‌ను ఖాళీ స్ట్రింగ్‌గా తీసుకుంటుంది. తొలగింపు కమాండులో ఆ వేరియబుల్ వెనక /* ఉంటే, దాడి నేరుగా రూట్ డైరెక్టరీ మీదే. స్క్రిప్టు మొదట్లో 'సెట్ -యూ' (set -u) పెడితే అక్కడే ఆగుతుంది. అయితే వేరియబుల్‌కు ఖాళీ స్ట్రింగ్‌నే విలువగా ఇచ్చి ఉంటే అదీ పట్టుకోలేదు. దానికి బ్రేసుల్లో పేరు పక్కన :? చేర్చి రాయాలి.