దృష్టి వారిది, దిష్టి మనది

మా అనంతపురంలో కొత్త ఇల్లు కట్టేవారు గోడలు లేవకముందే ఒక దిష్టిబొమ్మను నిలబెడతారు; గృహప్రవేశం నాటికి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతుంది. దారిన పోయేవారి కంటిలో ఏముందో ఎవరికి తెలుసు! దృష్టి ప్రకృతి అనీ, దిష్టి దాని వికృతి అనీ బడిలో చదువుకున్నాం గానీ, రెండింటికీ తేడా ఎక్కడుందో ఏ పంతులుగారూ చెప్పలేదు. పై నుంచి కిందికి చూస్తే అది దృష్టి, కింది నుంచి పైకి చూస్తే దిష్టి. ప్రభుత్వం మన మీద దృష్టి సారిస్తుంది; మనం ప్రభుత్వం వైపు చూస్తే దానికి దిష్టి తగులుతుంది. ఇంత చిన్న వ్యాకరణ సూత్రం తెలియకనే కొందరు పౌరులు నిఘా అనీ, గోప్యత అనీ ఆయాసపడుతున్నారు. వారికి నాలుగు మంచి మాటలు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందుగా దృష్టి సంగతి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది కనుక, దాని గురించి మాట్లాడే హక్కు మాకు పిడికెడు ఎక్కువే ఉంది. 2023 జనవరి 1 నుంచి పని జరిగే ప్రతిచోటా కూలీల హాజరు మొబైల్ యాప్‌లోనే వేయాలనీ, రోజుకు రెండుసార్లు, ఆ చోటు ఎక్కడో తెలిసేలా, ఫోటో తీసి పంపాలనీ కేంద్రం నిర్ణయించింది. మే నెల ఎండలో కుంట తవ్వుతున్న మనిషి పార పక్కన పెట్టి, ముఖం తుడుచుకుని, ఫోటోకు నిలబడాలి. సిగ్నల్ లేకపోతే మేటి, అంటే కూలీల జట్టు పెద్ద, ఫోను పైకెత్తి పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటాడు, ఫోటో పోయేదాకా కూలి పడుతుందో లేదోనని మిగతావారు అతడి వైపే చూస్తుంటారు. ఇందులో గోప్యతకు కలిగిన లోటేమిటో నాకు బోధపడదు. పూటకొక ఫోటో తీయించుకునే యోగం ఒకనాటి పాళెగాళ్లకు మాత్రం పట్టిందా? ఫోటోకే మళ్లీ ఫోటో తీసి పంపుతున్నవారు ఉన్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే గుర్తించి, ఆ ఫోటోలను సరిచూసే పనిని పంచాయతీ నుంచి పైదాకా సిబ్బందికి అప్పగించింది. చూసేవారిని చూసేవారు, వారిని చూసేవారు. కుంట సంగతి మాత్రం వాన చూసుకుంటుంది.

రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోతే కొందరు యంత్రాన్ని తిట్టుకుంటారు. గునపం పట్టి పట్టి వేలి గీతలు అరగదీసుకున్నది ఎవరు? ప్రభుత్వ ఆస్తిలాంటి ఆ గీతలను అంత నిర్లక్ష్యంగా వాడుకోవడం తగునా?

ఇక దిష్టి. 2005లో ఉపాధి హామీ చట్టాన్ని రాసిన పుణ్యాత్ములు 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీ అనే ఒక ఉపద్రవాన్ని పెట్టారు. దాని ప్రకారం గ్రామసభలో, అందరూ వింటుండగా, మస్టరును, అంటే కూలీల హాజరు పట్టీని, పైకి చదువుతారు. ఫలానా వారంలో నీకు ఆరు రోజుల కూలి పడింది, అందిందా అని అడిగితే, "ఆ వారం నేను బెంగుళూరులో బేల్దారి పనిలో ఉంటిని గదా సార్" అని ఒకడు లేచి నిలబడతాడు. మరో పేరు చదవగానే ఆ మనిషి పోయి రెండేళ్లయిందని వెనుక నుంచి ఒక ముసలమ్మ అంటుంది. పోయినవారి ప్రశాంతతకు ఇంతకంటే భంగం ఉంటుందా? ఇంతమంది కళ్లు ఒక్కసారిగా పడితే ఏ కాగితం మాత్రం మాడిపోదు?

ఈ దిష్టికి విరుగుడు ఢిల్లీలో దొరికింది, అదీ మన చేతి మీదుగానే. కర్ణాటకకు చెందిన పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి 2012లో ఆధార్ మీద వేసిన వ్యాజ్యం ముదిరి ముదిరి, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చేదాకా వెళ్లింది. పౌరుడు ప్రభుత్వం చూపు నుంచి తనను కాపాడుకోవడానికి గెలుచుకున్న గొడుగు అది. ప్రభుత్వం దాన్ని ఎంతో గౌరవించి, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చి, 44(3) సెక్షన్‌తో ఆ గొడుగును అధికారి నెత్తిన పట్టింది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) ప్రకారం ఇంతకుముందు వ్యక్తిగత సమాచారాన్ని దాచాలంటే దానికి ప్రజా వ్యవహారంతో సంబంధం లేదనో, బయటపెడితే ఒకరి ఆంతరంగికతకు అకారణంగా భంగం కలుగుతుందనో చూపవలసి వచ్చేది. పార్లమెంటుకు, శాసనసభకు కాదనలేనిది సామాన్యుడికీ కాదనరాదని ఒక పొగరుబోతు వాక్యం కూడా ఉండేది. 2025 నవంబర్ నుంచి ఆ బాదరబందీ లేదు: వ్యక్తిగత సమాచారమైతే చాలు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చునని 8(2) ఇంకా మిగిలే ఉందని పెద్దలు ఓదారుస్తున్నారు. ఇవ్వవచ్చును, ఆ "వచ్చును"లో ఎంత వెసులుబాటు ఉందో అర్జీ పెట్టినవారికే తెలుసు. పైగా తన సంస్థల్లో కావలసినవాటికి ఆ డేటా రక్షణ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు ప్రభుత్వానికి ఉంది. అర్థంలేని ఫిర్యాదు చేసిన పౌరుడికి మాత్రం అదే చట్టంలో 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

దృష్టి కూడా ఒక్కోసారి దారి తప్పుతుందని ఒప్పుకోక తప్పదు. ప్రతి పోలీసు స్టేషన్‌లో, లాకప్పులతో సహా, మాటలు కూడా వినబడే కెమెరాలు పెట్టి, రికార్డులను 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న ఆదేశించింది. అవి సరిగా పనిచేయడం లేదన్న సంగతిని 2025 సెప్టెంబర్‌లో తానే విచారణకు తీసుకోవలసి వచ్చింది. హెల్మెట్ లేని తలను కూడలిలో, సందె చీకట్లో, మూడు ఆటోల వెనుక నుంచి కూడా గుర్తుపట్టే కెమెరా జాతికి లాకప్పు గుమ్మం దాటగానే కళ్లలో శుక్లాలు రావడం వైద్యులు పరిశోధించదగిన విషయం.

నేనూ ఈ మధ్య బుద్ధి గడ్డి తిని ఒక కార్యాలయంలో సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. మన రాష్ట్రంలో సమాచారానికి గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. మా వీధి కాలువ పని ఎవరు చేశారు, బిల్లు ఎంత అని అడిగితే, చేసినవారి పేరు వ్యక్తిగత సమాచారమని జవాబు వచ్చింది. నాలుగు వానలకే విరిగిన కాలువను చూస్తే పేరు దాచుకోవాలనే కోరిక సహజమే అనిపించి, నేనూ పట్టుబట్టలేదు. కాకపోతే అర్జీ ఇచ్చిన రోజున తేదీ ముద్ర వేయని రసీదు చేతిలో పెట్టారు. నా వెనుక గోడ మీద కెమెరా ఉంది గదా, నేను వచ్చిన తేదీ అందులో ఉంటుంది, ఆ దృశ్యం ఇప్పించండి అని రెండో అర్జీ రాశాను. సరిగ్గా ముప్పయ్యో రోజున జవాబు వచ్చింది: దృశ్యంలో ఒక వ్యక్తి ముఖం ఉన్నందున, ఆ వ్యక్తి అంగీకార పత్రం జతచేయవలెను. ఆ వ్యక్తిని నేనే. అద్దం ముందు కూర్చుని, నాకు నేను, ఏ విధమైన ఒత్తిడీ లేకుండా అంగీకారం రాసిచ్చుకున్నాను. సంతకం చాలదంటారేమోనని ఇంకు ప్యాడు కూడా సంచిలో వేసుకుని సోమవారం బయలుదేరుతున్నాను.